హైదరాబాద్ నుంచి బెజవాడ ఎన్ని ఎందాకాలు?

హైదరాబాద్‌కీ విజయవాడకీ మధ్య దూరం ఎంత? ఇది ఐదో తరగతి పిల్లాడు కూడా చెప్పే ప్రశ్న అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని పోయిన శ్రావణంలో ఐదు వేల చిల్లర రూపాయలు, రెండు కిలోల ఎండు కొబ్బరి, కుటుంబంలో ఉన్న కొద్దిపాటి గౌరవం పోగొట్టుకున్నాను. ఇంకొకరికి ఇలా జరగకూడదన్న సదుద్దేశంతో ఈ పరిశోధనా వ్యాసం రాస్తున్నాను. దీనికి ఏ విశ్వవిద్యాలయమూ నాకు డాక్టరేట్ ఇవ్వనక్కర్లేదు. ఇస్తే కాదనను.

మా ఆవిడ పిన్ని కూతురి పెళ్లి. బెజవాడలో. మేముండేది నిజాంపేటలో. రాత్రి భోజనాల దగ్గర ఎలా వెళ్లాలన్న చర్చ వచ్చింది. మా బావమరిది బీటెక్ చదివినవాడు కాబట్టి ఫోన్ తీశాడు.

"బావా, రోడ్డు మీద 275 కిలోమీటర్లు. గాలిలో అయితే 250. విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది. అంటే మీరు 19 నిమిషాల్లో బెజవాడలో ఉంటారు" అన్నాడు, ముద్దపప్పులో నెయ్యి కలుపుకుంటూ.

పంతొమ్మిది నిమిషాలు! మా ఇంటి నుంచి జేఎన్‌టీయూ జంక్షన్‌కు సాయంత్రం పూట స్కూటర్ మీద వెళ్లడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. నా కళ్లు మెరిశాయి. "అయితే నువ్వూ విమానంలోనే రారా" అన్నాను.

"లేదు బావా, నేను కారులో వస్తాను. అక్కనీ పిల్లల్నీ తీసుకొస్తా. సూర్యాపేటలో టిఫిన్ చెయ్యాలి కదా."

లెక్క చెప్పినవాడు ఆ లెక్క మీద ప్రయాణం చెయ్యడం లేదంటే అక్కడే ఏదో తేడా ఉందని నాకు తట్టాల్సింది. తట్టలేదు. టికెట్ కొనేశాను.

ఇప్పుడు శాస్త్రం. ఈ గాలి దూరాన్ని ఎలా లెక్కగడతారో తెలుసుకోవడం అవసరం. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మ్యాప్ మీద స్కేలు పెట్టి గీత గీస్తే కుదరదు. రెండు ఊళ్ల అక్షాంశాలు, రేఖాంశాలు తీసుకుంటారు. హైదరాబాద్ 17.39 డిగ్రీల ఉత్తరం, 78.49 డిగ్రీల తూర్పు. విజయవాడ 16.51, 80.65. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. వీటన్నిటినీ త్రికోణమితిలో వేసి రుబ్బితే 250 వస్తుంది. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ గీతకు ఈ చివర హైదరాబాద్ నడిబొడ్డున ఒక చుక్క, ఆ చివర బెజవాడ నడిబొడ్డున ఒక చుక్క ఉంటాయి. ఈ చుక్క మీద నుంచి ఎగిరి ఆ చుక్క మీద వాలినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. చార్మినార్ దగ్గరి పావురాలకు ఆ అవకాశం ఉంది కానీ, అవి మక్కా మసీదు ముందు జొన్నలు వదిలి బెజవాడ ఎందుకు పోతాయి?

మన పెద్దలు ఈ విషయంలో మనల్ని ముందే హెచ్చరించారు. గాలి కబుర్లు అన్నారు. గాలి మాటలు అన్నారు. గాలి మేడలు అన్నారు. పనీపాటా లేకుండా తిరిగేవాడిది గాలి తిరుగుడు అన్నారు. గాలి దూరం ఆ ఇంటి పిల్లే. ఇంటిపేరు చూసైనా జాగ్రత్తపడాల్సింది.

నేల దూరానికి ఈ బాధ లేదు. అది పాత దారి, పరువున్న దారి. గోల్కొండ కుతుబ్‌షాహీలకు సముద్రం మీద వ్యాపారమంటే మచిలీపట్నమే. వజ్రాలు, కలంకారీ బట్టలు, గుర్రాలు, విదేశీయులు అందరూ ఆ వైపు నుంచే రాకపోకలు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టవెర్నియే 17వ శతాబ్దంలో బందరులో దిగి గోల్కొండకు వచ్చాడు. ఇప్పటికీ ఆ రోడ్డు మనసు మారలేదు. పుణెలో బయల్దేరి, జహీరాబాద్ మీదుగా మా నిజాంపేట క్రాస్‌రోడ్స్ ముందు నుంచి పోయి, సూర్యాపేట, కోదాడ, బెజవాడ దాటి బందరులో ఆగుతుంది. ఒకప్పుడు దాని నంబరు 9. 2010లో దేశమంతా రహదారుల నంబర్లు మార్చినప్పుడు 65 చేశారు. మా మామగారు మాత్రం ఇంకా 'నైన్ హైవే' అనే అంటారు. ఆయన దృష్టిలో నంబర్లు మార్చడం కూడా పిల్లల పేర్లు మార్చడం లాంటిదే. పిలిచేవాడు పాత పేరుతోనే పిలుస్తాడు.

అంటే మా గుమ్మం నుంచి నాలుగు అడుగులు వేసి ఆ రోడ్డెక్కితే, ఎక్కడా తిరగనక్కర్లేకుండా అత్తగారి ఊరు. ఇలాంటి ముక్కుసూటి దారి ఉండగా నేను విమానం టికెట్ కొన్నాను. గుర్తుపెట్టుకోండి.

నేల దూరంలో లోపం లేదని కాదు. 275 అని చెప్పేవాళ్లు ఒక నిజం దాచిపెడతారు. హైదరాబాద్ నుంచి బెజవాడ ఎంతో చెబుతారు కానీ, హైదరాబాద్ నుంచి హైదరాబాద్ బయటికి ఎంతో చెప్పరు. ట్రావెల్స్ బస్సు ఎక్కినవాళ్లకు ఈ సంగతి తెలుసు. రాత్రి తొమ్మిదిన్నరకు మియాపూర్‌లో ఎక్కుతాం. దుప్పటి కప్పుకుని, ఫోన్ చార్జింగ్ పెట్టి, చెప్పులు సీటు కింద సర్దుకుంటాం. కూకట్‌పల్లిలో ఆగుతుంది. అమీర్‌పేటలో ఆగుతుంది. లక్డీకాపూల్‌లో కుర్రాడు కిందికి దిగి "సార్, ఎక్కడున్నారు సార్, బస్సు వచ్చేసింది సార్" అని ఎవరికో ఫోన్ చేస్తుంటాడు. ఆ సార్ ఇంకా ఇంట్లో చొక్కా వేసుకుంటుంటాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో అరగంట. ఒక కునుకు తీసి, ఏ కోదాడో వచ్చి ఉంటుందని ఆశగా కర్టెన్ తీస్తే ఎల్బీ నగర్. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్‌కు మెట్రో లైను 29 కిలోమీటర్లు. ఎల్బీ నగర్‌లో 'విజయవాడ ఇన్ని కిలోమీటర్లు' అని బోర్డు పెట్టేవాళ్లు, దాని కింద చిన్న అక్షరాల్లో 'ఇంతకీ తమరు ఎక్కడి నుంచి వస్తున్నారు?' అని కూడా రాయించాలని నా మనవి.

ఆ తర్వాత హయత్‌నగర్. గోల్కొండ రాజకుమారి హయత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరు. ఆవిడ అక్కడ మసీదు, దాని చుట్టూ బాటసారులకు సరాయి కట్టించింది. అప్పట్లో బందరు దారిన పోయేవాళ్లు అక్కడ ఆగి సేదతీరేవాళ్లు. ఆ సంప్రదాయం నేటికీ చెక్కుచెదరలేదు. సంక్రాంతి ముందు భోగి పండక్కి ఊరెళ్లే జనం ఇప్పటికీ హయత్‌నగర్‌లో గంటల తరబడి ఆగుతారు. కాకపోతే సరాయిలో కాదు, స్టీరింగ్ ముందు. ఆ పైన పంతంగి టోల్ ప్లాజా. అక్కడ మైకు పట్టుకున్న టీవీ రిపోర్టర్ ఏటా అదే చోట నిలబడి, వెనక అవే కార్లను చూపిస్తుంటాడు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు కాబట్టి ఇప్పుడు డబ్బు చిటికెలో పోతుంది. మనిషే నెమ్మదిగా పోతాడు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు చోట్ల మన ఖాతా మనకంటే ముందు బెజవాడ చేరుతుంది.

ఇక్కడో చిన్న మాట. మా నగరంలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. ప్లాట్లు అమ్మేవాళ్లు నిమిషాల్లో చెబుతారు. 'ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు' అని బ్రోచర్‌లో ఉంటుంది. అవి ఎవరి నిమిషాలో అడగకూడదు. నేనొకసారి అలాంటి వెంచర్‌కు పోయి కంది చేలో నిలబడ్డాను. తల మీదుగా విమానం పోయింది. "చూశారా సార్, పక్కనే" అన్నాడు ఏజెంటు.

సరే, ప్రయాణం. ఉదయం నాలుగున్నరకు మా ఇంటి ముందు రెండు కార్లు బయల్దేరాయి. ఒకటి బావమరిదిది. అందులో మా ఆవిడ, పిల్లలు, పట్టుచీరల సూట్‌కేసు. రెండోది నా క్యాబ్. "అక్కడ కలుద్దాం బావా, మాకంటే ముందే పోతారుగా, కాఫీ తాగి కాసేపు పడుకోండి" అన్నాడు. ఆ మాటలో వెటకారం ఉందని నాకు తర్వాత తెలిసింది. వాళ్ల కారు ఎడమకు తిరిగింది, తూర్పుకు. నా క్యాబ్ కుడికి తిరిగి ఔటర్ ఎక్కింది. బెజవాడ తూర్పున ఉంటే, విమానాశ్రయం ఉన్న శంషాబాద్ నగరానికి నైరుతి మూల. 2008 మార్చి దాకా విమానాలు బేగంపేటలోనే ఎగిరేవి, ఊరి మధ్యలో. అప్పటివాడికి గాలి దూరం అన్న మాటకు కొంతైనా అర్థం ఉండేది. నేను మాత్రం బెజవాడ పోవడానికి ముందుగా బెజవాడకు వీపు చూపిస్తూ 42 కిలోమీటర్లు పోయాను.

కౌంటర్ దగ్గర అమ్మాయి నవ్వుతూ అడిగింది. "సార్, బ్యాగులో లైటర్, పవర్ బ్యాంక్, ఎండు కొబ్బరి లాంటివి ఏమైనా ఉన్నాయా?"

"ఎండు కొబ్బరి ఉందమ్మా, రెండు కిలోలు. బేగంబజార్ సరుకు" అన్నాను గర్వంగా. పెళ్లికి మా అత్తగారు ప్రత్యేకంగా తెమ్మన్నవి. నాలుగు దుకాణాలు తిరిగి, చిప్ప చిప్పా వాసన చూసి కొన్నాను.

అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువట. వేడికి దానంతట అదే అంటుకునే ప్రమాదం ఉందట. అందుకని విమానంలో నిషేధం. "మా అత్తగారింట్లో నలభై ఏళ్లుగా స్టీలు డబ్బాలో ఉంటోంది, ఒక్కసారీ అంటుకోలేదమ్మా" అని వాదించాను. "సారీ సార్" అంది. వీటినే ఇక్కడివాళ్లు కుడుకలంటారు, మా అత్తగారు చిప్పలంటారు. ఏ పేరుతోనూ పోనివ్వలేదు. తీసి పక్కన పెట్టాను. అప్పటికి బావమరిది కారు డిక్కీలో చోటు ఉందన్న సంగతి గుర్తొచ్చి గుండె కలుక్కుమంది.

బెల్టు తీశాను, పర్సు తీశాను, చేతులు చాపి నిలబడ్డాను. తర్వాత కూర్చున్నాను. విమానం ఆలస్యం అన్నారు. ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్పినా వాళ్లకు ఆలస్యంగా వినపడుతుంది. కూర్చున్నచోట ఫోన్ మోగింది. పిల్లలు. "నాన్నా, మేం చిట్యాల దాటాం. నువ్వు బెజవాడ వెళ్లిపోయావా?" నేను అప్పటికి గేటు దగ్గర కుర్చీ దాకా వెళ్లాను.

చివరికి పిలిచారు. మెట్లు దిగితే ఎదురుగా బస్సు. అవును, బస్సు. బస్సు బాధ తప్పుతుందని విమానం టికెట్ కొంటే, విమానం ఎక్కించడానికి బస్సు ఎక్కించారు. అదీ నిలబడి. ట్రావెల్స్ బస్సులో కనీసం దుప్పటి ఇస్తారు.

విమానం చిన్నది, ఫ్యాన్లు ఉన్న రకం. నా కిటికీ పక్కనే ఒకటి తిరుగుతోంది. మా అత్తగారింటి హాల్లో ఫ్యాను కంటే కొంచెం పెద్దది, చప్పుడులో తేడా లేదు. బావమరిది చెప్పిన గంటకు 800 కిలోమీటర్ల లెక్క జెట్ విమానాలకు. ఈ రకం గంటకు 500 పోతే గొప్ప. అంటే నేల మీద ఉండగానే 19 నిమిషాలు కాస్తా 30 అయ్యాయి. తలుపు మూసినప్పటి నుంచి నేను వాచీ చూసుకుంటూనే ఉన్నాను. పంతొమ్మిదో నిమిషం పూర్తయ్యేసరికి మేం రన్‌వే ముందు వరసలో మూడో నంబరు.

ఇక ఎగరడం. విమానం గాలికి ఎదురుగా లేవాలి. శ్రావణంలో గాలి పడమటి నుంచి వీస్తుంది. శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉన్నాయి. ఈ మూడు వాక్యాలూ కలిపితే ఏమవుతుందో మీరే చెప్పండి. అవును, వికారాబాద్ వైపు లేచాం. బెజవాడ పోవాల్సినవాణ్ణి పడమరకు మోసుకుపోతుంటే నేను పక్కనున్నాయన వైపు చూశాను. ఆయన నిద్రపోతున్నాడు, అలవాటున్న మనిషి. కాసేపటికి రెక్క వంగింది, హిమాయత్‌సాగర్ నీళ్లు కిటికీలో పక్కకు ఒరిగాయి, విమానానికి బుద్ధి వచ్చి తూర్పుకు తిరిగింది.

తర్వాత చాలాసేపు మబ్బులు. ఇక్కడ చెప్పడానికేమీ లేదు. రోడ్డు మీద అయితే ఈపాటికి ఇడ్లీ, అల్లం పచ్చడి, ఒక తగాదా, రెండు టీలు అయి ఉండేవి.

దిగువకు వచ్చాక మబ్బులు విడిపోయి కృష్ణ కనిపించింది. ప్రకాశం బ్యారేజీ కనిపించింది. అదిగో ఇంద్రకీలాద్రి. అమ్మవారికి సీట్లోంచే దణ్ణం పెట్టుకున్నాను. అంటే నేను బెజవాడ చేరాను. మా అత్తగారిల్లు భవానీపురం, సరిగ్గా నా కాళ్ల కింద. బస్సయితే "గొల్లపూడి దగ్గర ఆపు బాబూ" అని బ్యాగు తీసుకుని దిగిపోయేవాణ్ణి. విమానం ఆగలేదు. విమానాశ్రయం ఉన్నది గన్నవరంలో, బెజవాడకు అవతల పక్క, ఏలూరు దారిలో, ఇరవై కిలోమీటర్ల దూరాన. పోనీ అక్కడైనా ఆగిందా? అక్కడి రన్‌వే కూడా దాదాపు తూర్పు పడమరలే. గాలి ఇంకా పడమటి గాలే. దిగడమూ గాలికి ఎదురుగానే దిగాలి. కాబట్టి గన్నవరం కూడా దాటి, హనుమాన్ జంక్షన్ వైపు పోయి, అక్కడ తాపీగా వెనక్కి తిరిగి దిగాం. ముక్కేదిరా అంటే చెయ్యి తల చుట్టూ తిప్పి చూపించినవాణ్ణి మనం తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం. వాడు పైలట్ అయి ఉంటాడని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు లెక్కలు. నిజాంపేట నుంచి శంషాబాద్ 42. శంషాబాద్ నుంచి గన్నవరం, రెండు రన్‌వేల మధ్య ముక్కుసూటిగా కొలిస్తేనే దాదాపు 264. గన్నవరం నుంచి రామవరప్పాడు రింగు మీదుగా, ఊరంతా అడ్డంగా దాటి భవానీపురానికి 25. మొత్తం 331. వికారాబాద్ వైపు చక్కర్, హనుమాన్ జంక్షన్ చక్కర్ కలపలేదు. పెద్దమనసుతో వదిలేశాను. బావమరిది కారు మీటరు ఆ ఉదయం తిరిగింది 288 కిలోమీటర్లు. అంటే గాలి దూరం నేల దూరం కంటే 43 కిలోమీటర్లు ఎక్కువ. ఈ సూత్రం కనిపెట్టింది నేనే, దీనికి నా పేరు పెట్టాలి.

విమానం పైకెక్కిన ఎత్తు సంగతేమిటని ఒక పాఠకుడు అడగవచ్చు. ఆ ఏటవాలు వల్ల పెరిగేది అర కిలోమీటరు కూడా ఉండదు. ఆ మాటకొస్తే హైదరాబాద్ సముద్ర మట్టానికి అర కిలోమీటరు పైన ఉంది, బెజవాడ దాదాపు సముద్రం అంచున ఉన్నట్టే. కారులో పోయినవాడు కూడా అర కిలోమీటరు కిందికి దిగుతున్నాడు. వాడికెవరూ సీటు బెల్టు లైటు వెలిగించి, చేతులు జోడించి చెప్పడం లేదు.

రైలువాళ్లు ఈ గొడవలో తలదూర్చరు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్, ఖమ్మం మీదుగా బెజవాడకు 350 కిలోమీటర్లు. అన్నిటికంటే పొడుగు దారి. అయినా 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ కాస్త అటూఇటూగా నాలుగు గంటల్లో దించుతుంది. టికెట్ దొరికితే. దొరకదు కాబట్టి అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

ప్రభుత్వం వారికి కూడా గాలి దూరం మీద నమ్మకం లేదనడానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. చిన్న ఊళ్లకు విమానాలు నడపడానికి పెట్టిన ఉడాన్ పథకంలో టికెట్ ధర గంట ప్రయాణానికి, అంటే దాదాపు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయలని మొదట్లో పరిమితి పెట్టారు. 2017 ఏప్రిల్ 27న సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి విమానం లేచిన రోజే మన కడప, హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది. గమనించండి, ఆకాశాన్ని గంటల్లో కొలిచారు. అయితే ఏ గంట? గాల్లో ఉన్న గంటా, గేటు దగ్గర కుర్చీలో ఉన్న గంటా? నాకు రెండో రకానివే ఎక్కువ దక్కాయి. దాని మీద కూడా ఏదైనా రాయితీ ఉంటే తెలుసుకోవాలని ఉంది.

కిలోమీటర్లు నమ్మదగ్గవి కావు, నిమిషాలు ప్లాట్ల ఏజెంట్ల చేతిలో పాడైపోయాయి. మరి హైదరాబాద్‌కీ బెజవాడకీ మధ్య దూరాన్ని దేనితో కొలవాలి? తెలుగునాట అనాదిగా వాడుకలో ఉండి, ఏ శాస్త్రవేత్తా గుర్తించని కొలమానం ఒకటుంది. దాని పేరు ఎందాకా.

నిర్వచనం: అత్తగారు "ఎందాకా వచ్చారు?" అని చేసే రెండు ఫోన్‌లకు మధ్య అల్లుడు ప్రయాణించిన దూరం ఒక ఎందాకా.

ఇది ఊహ కాదు, దీని మీద ఇంట్లో పొయ్యి నడుస్తుంది. మొదటి ఫోన్‌కు హయత్‌నగర్ అంటే "ఇంకా హయత్‌నగరేనా!" అని నిట్టూరుస్తారు. చౌటుప్పల్ అంటే ఏమీ అనరు. సూర్యాపేట అంటే "పిల్లలు ఏమన్నా తిన్నారా?" అంటారు. కోదాడ అంటే "ఆ, అయితే వచ్చేసినట్టే" అంటారు, ఇంకా రాష్ట్రం సరిహద్దు కూడా దాటకపోయినా. అసలు కీలకం నందిగామ. నందిగామ అన్న మాట చెవిన పడగానే ఎసరు పెడతారు. ఇబ్రహీంపట్నం అంటే వంకాయ కూరలో కారం చల్లుతారు. ఎవరు కనిపెట్టారో గాని, కారు గుమ్మం ముందు ఆగేసరికి అన్నం మెతుకు పట్టి చూసే పదునులో ఉంటుంది. ఇంత ఖచ్చితంగా పనిచేసే కొలత మీకు ఏ ఉపగ్రహమూ ఇవ్వదు. రోడ్డు మీద హైదరాబాద్ నుంచి బెజవాడ ఆరు ఎందాకాలు. సంక్రాంతికి పద్నాలుగు.

గాలిలో ఎన్ని? ఇక్కడే చిక్కు. విమానంలో ఫోన్ పనిచేయదు. నందిగామ మీదుగా నేను కూడా పోయే ఉంటాను, మబ్బుల పైనుంచి. కానీ నందిగామ అని చెప్పే దారి లేదు. చెప్పకపోతే ఎసరు పెట్టరు. ఆ ఉదయం బావమరిది కారు 9 గంటల 40 నిమిషాలకు భవానీపురంలో ఆగిందనీ, వాడి కోసం వేసిన పెసరట్లు వాడే తిన్నాడనీ, నేను పదీ ఐదుకు చేరేసరికి పెనం కడిగేసి పెళ్లి మండపానికి బయల్దేరుతున్నారనీ మనవి చేసుకుంటున్నాను. కొబ్బరి చిప్పలు ఏవని మా ఆవిడ అడిగిన విషయం ఈ వ్యాసానికి సంబంధించింది కాదు.

ఈ కొలమానానికి మొదటి బహిరంగ పరీక్ష గన్నవరంలోనే జరిగింది. క్యాబ్ కోసం నిలబడి ఫోన్ ఆన్ చేశాను. పదకొండు మిస్డ్ కాల్స్. చూస్తుండగానే మళ్లీ మోగింది. అత్తగారు పెళ్లి హడావిడిలో ఉండి ఫోన్ వాళ్లమ్మగారి చేతిలో పెట్టినట్టున్నారు. ఆవిడకు ఎనభై ఆరేళ్లు. నేను విమానంలో వస్తున్నానని ఎవరూ చెప్పలేదు.

"ఎందాకా వచ్చావు నాయనా?"

"గన్నవరం వచ్చేశాను అమ్మమ్మగారూ" అన్నాను హుషారుగా.

అటు పక్క ఒక క్షణం నిశ్శబ్దం.

"అయ్యో అయ్యో, బెజవాడ దాటిపోయావు కదయ్యా! బస్సులో నిద్రపోయావా?" అని, ఫోన్ చెవి దగ్గర ఉంచుకునే ఇంట్లోకి కేకేసింది. "ఒసేయ్, మీ అల్లుడు నిద్రమత్తులో గన్నవరం పోయాడంట. ఎవరైనా కుర్రాణ్ణి స్కూటరిచ్చి పంపించండి, వెనక్కి తీసుకొస్తాడు!"